నా ఇల్లు నా ఇష్టమేనా?

అమెరికాలో ఇల్లు అద్దెకి తీసుకున్న మనవాళ్ళెవరినైనా అడిగి చూడండి. లీజింగ్ ఆఫీసులో కూర్చున్నావిడ జీతమెంత అంటుంది, క్రెడిట్ స్కోరు చూస్తుంది, కుక్క ఉందా అని అడుగుతుంది. కానీ మీ మతం చూసో, మీ దేశం చూసో, చిన్నపిల్లలున్నారనో ఇల్లు లేదని మాత్రం అనకూడదు. అనకూడదని ఆవిడకీ తెలుసు, మనకీ తెలుసు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ అని పేరుతో సహా చెప్పగలం. మేనేజరు తేడాగా మాట్లాడితే "ఈఈఓసీకి రాస్తా" అనే మాట నోటి చివర్నే ఉంటుంది. మంచిదే. హక్కు ఉన్నాక వాడుకోవాలి, తప్పేం లేదు.

ఇప్పుడు అదే మనవాళ్ళు అక్కడ కూడబెట్టిన డాలర్లతో కొండాపూర్లోనో, మణికొండలోనో ఒక ఫ్లాటు కొంటారు. అద్దెకివ్వమని నాన్నగారికో, బ్రోకరుకో అప్పజెప్తారు. ఫోన్లో ఏం చెప్తారో ఎప్పుడైనా విన్నారా? "మంచి ఫ్యామిలీ అయితేనే ఇవ్వండి. మనవాళ్ళయితే ఇంకా మంచిది. వాళ్ళకి మాత్రం వద్దు." ఆ 'వాళ్ళు' ఎవరో విడమర్చి చెప్పక్కర్లేదు, బ్రోకరుకి అర్థమైపోతుంది. ఒకే మనిషి, ఒకే నోరు. అక్కడ అద్దెకుంటే చట్టం కావాలి, ఇక్కడ ఓనరైతే "నా ఇల్లు నా ఇష్టం".

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. మన దేశంలో ఇల్లు, ఉద్యోగం విషయంలో ప్రైవేటు మనిషి చూపే వివక్షని ఆపడానికి అందరికీ వర్తించే చట్టం లేదు. కొందరికి ఉంది, చాలామందికి లేదు. లేనందువల్ల బాగా దెబ్బతినేవాళ్ళలో మన హైదరాబాద్ పాతబస్తీ వాళ్ళు ముందుంటారు. అలాగని ఆ చట్టం రాయడం బ్రహ్మవిద్యేం కాదు. పార్లమెంటు ఆ వాక్యాన్ని ఇప్పటికే రాసేసింది, కాకపోతే అందులో మనుషుల లిస్టు చిన్నది.

మా టీంలో ఒకతను ఉన్నాడు. పుట్టింది, పెరిగింది యాకుత్‌పురాలో. వాళ్ళ నాన్నగారికి లాడ్ బజార్లో చిన్న గాజుల కొట్టు. పొద్దున 9 గంటల స్టాండప్‌కి అందాలంటే ఇంటి దగ్గర ఏడున్నరకే బయల్దేరాలి. రాత్రి రిలీజు ఉన్న రోజు తిరుగు ప్రయాణంలో మూసీ దాటి రామనే క్యాబ్ డ్రైవర్లతో ఒక యుద్ధం. పెళ్ళయ్యాక గచ్చిబౌలి చుట్టుపక్కల ఇల్లు చూసుకుందామనుకున్నాడు. జీతం నాకంటే ఎక్కువే. ఫోన్లో అద్దె ఓకే, అడ్వాన్సు ఓకే, ఎప్పుడొస్తారు అని కూడా అడుగుతారు. పేరు చెప్పగానే "అయ్యో, ఇందాకే ఎవరో టోకెన్ ఇచ్చి వెళ్ళారండీ". రెండ్రోజులాగి అదే నంబరుకి నేను ఫోన్ చేస్తే "ఖాళీగానే ఉంది బాబూ, వచ్చి చూసుకోండి" అన్నారు. ఒకాయన మాత్రం నిజం చెప్పాడు, "నాకేం అభ్యంతరం లేదు బాబూ, అసోసియేషన్లో ఒప్పుకోరు" అని. బ్రోకరయితే ఇంకా సూటిగా చెప్పేశాడు, "ఎందుకు సార్ టైం వేస్టు, టోలీచౌకీలో చూసుకోండి, మీవాళ్ళంతా ఆడనే ఉంటరు కదా" అని.

అతను ఎవర్నీ తిట్టలేదు. మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగాడు: "దీనికి కంప్లైంట్ ఎక్కడివ్వాలి?" లంచ్ టేబుల్ దగ్గర తలా ఒక మాట. "రాజ్యాంగం ఉందిగా, ఆర్టికల్ 15" అన్నాడొకడు. "పోలీసులకే ఇవ్వొచ్చు" అన్నాడింకొకడు. అందరం ఇంజనీర్లమే, ఒక్కడికీ సరిగ్గా తెలీదు. సరే, కూర్చుని చదివితే తేలిందేంటో చెప్తాను.

ముందు రాజ్యాంగం. ఆర్టికల్ 15లో మొదటి క్లాజు మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు చూసి ఎవరిమీదా వివక్ష చూపకూడదంటుంది. బాగుంది. కానీ ఆ వాక్యంలో కర్త ఎవరో చూడండి. రాజ్యం, అంటే ప్రభుత్వం. మీ ఇంటి ఓనరు ప్రభుత్వం కాదు, మీ కంపెనీ హెచ్ఆర్ కూడా కాదు. ఆర్టికల్ 16 ఉద్యోగాల గురించే, కాకపోతే ప్రభుత్వ ఉద్యోగాల గురించి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఈ 4 శాతం రిజర్వేషన్ కూడా చదువులకీ, సర్కారు కొలువులకీ మాత్రమే. ఆర్టికల్ 19 దేశంలో ఎక్కడైనా నివసించొచ్చు, స్థిరపడొచ్చు అంటుంది. స్థిరపడ్డానికి ఎవరో ఒకరు తాళంచెవి ఇవ్వాలి కదా!

ఆర్టికల్ 15 రెండో క్లాజు సంగతి వేరు. షాపులు, హోటళ్ళు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, రోడ్ల దగ్గర ఎవర్నీ అడ్డుకోకూడదన్న ఆ క్లాజు ప్రైవేటు మనుషులకి కూడా వర్తిస్తుంది. షాపు అంటే ఏమిటి అనే ప్రశ్న 1948లోనే రాజ్యాంగ సభలో వచ్చింది. డబ్బు తీసుకుని సేవ చెయ్యడానికి సిద్ధపడ్డ ఎవరికైనా ఆ మాట వర్తించేంత విశాలంగా అంబేద్కర్ దానికి అర్థం చెప్పారు. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ వివరణనే తీసుకుని ప్రైవేటు విద్యాసంస్థల్ని కూడా ఆ క్లాజు కిందికి తెచ్చింది. గేటుకి టు-లెట్ బోర్డు కట్టినవాడు మాత్రం ఎందుకు రాడు అని వాదించొచ్చు. నా మటుకు గట్టి వాదనే. కానీ డబుల్ బెడ్రూం ఇంటి కోసం హైకోర్టు మెట్లెక్కి, ఏళ్ళ తరబడి తిరిగి, గెలిచి, అప్పుడు సామాన్లు దించుకునేవాడెవడు?

ఇటువైపు 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది. అహ్మదాబాద్‌లోని జొరాస్ట్రియన్ కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ కేసు. పార్సీలకే సభ్యత్వం, బయటివాళ్ళకి అమ్మడానికి వీల్లేదు అనే బైలా చెల్లుతుందా అన్నది ప్రశ్న. చెల్లుతుందని కోర్టు తేల్చింది. సంఘం పెట్టుకునే హక్కు వాళ్ళకుంది, ఆర్టికల్ 15 ప్రైవేటు సొసైటీ మీద ప్రయోగించే ఆయుధం కాదు అని దాని సారాంశం. బక్కచిక్కిపోతున్న ఒక చిన్న సమాజం తన కాలనీని కాపాడుకోవడం వేరు, ఊళ్ళో సగం అపార్ట్‌మెంట్లు కూడబలుక్కుని ఒకే రకం మనుషుల్ని బయట పెట్టడం వేరు. తీర్పు మాత్రం ఆ రెండిటికీ ఒకే గొడుగు పట్టింది. 2023లో కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం 19, 21 ఆర్టికల్స్ కింది హక్కుల్ని ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అమలు చెయ్యొచ్చని మెజారిటీతో చెప్పింది. తలుపు కొంచెం తెరుచుకుంది, అంతే. లోపలికి ఇంకా ఎవరూ వెళ్ళలేదు అనుకోండి.

ఇక మామూలు చట్టాలు. ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసింది. ఇవి మీలో ఎంతమందికి తెలుసో మీరే చూసుకోండి.

- 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం. అంటరానితనం కారణంగా ఎవరినైనా ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోకుండా, సంపాదించుకోకుండా, అందులో ఉండకుండా అడ్డుకోవడం 4వ సెక్షన్ కింద నేరం. ఉద్యోగానికి అడ్డుపడటం కూడా అదే సెక్షన్. 7వ సెక్షన్లో బహిష్కరణ అనే మాటకి ఇచ్చిన వివరణలో ఇల్లు అద్దెకివ్వకపోవడం అని నేరుగా రాసుంది. బాధితుడు ఎస్సీ అయితే అది అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు భావించాలి, కాదని నిరూపించుకునే బాధ్యత ఎదుటివాడిది. అది 12వ సెక్షన్.

- 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 2015 సవరణ తర్వాత సామాజిక, ఆర్థిక బహిష్కరణ కూడా ఇందులో నేరమే. 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా జైలు.

- 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం. హెచ్ఐవీ ఉందని ఉద్యోగం నిరాకరించకూడదు. ఇల్లు కొనడానికి, అద్దెకి ఉండటానికి అడ్డు చెప్పకూడదు. చెప్పేవాడు ప్రభుత్వమా ప్రైవేటా అనే తేడా లేదు.

- 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం. 3వ సెక్షన్లో దాదాపు అవే మాటలు. ఉద్యోగం, నివాసం, కొనుగోలు, అద్దె.

- 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల పాలసీ రాసి ప్రకటించాలి. మీ కంపెనీ ఇంట్రానెట్‌లో ఒకసారి వెతికి చూడండి.

ఈ జాబితా చూస్తే ఏమర్థమవుతోంది? "ప్రైవేటు ఆస్తి, చట్టం జోక్యం చేసుకోదు" అనే మాట శుద్ధ అబద్ధం. 1955 నుంచీ జోక్యం చేసుకుంటూనే ఉంది. "మీ ఇంటిపేరేంటండీ?", "మీరేమవుతారు?" అని ఆరా తీసి, దళితుడని తెలిశాక ఇల్లు లేదన్న ఓనరు 70 ఏళ్ళుగా నేరస్థుడే. ఒకటి నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి ఐదొందల దాకా జరిమానా. ఐదొందలంటే ఇవాళ ఇద్దరికి బిర్యానీ కూడా రాదనుకోండి. అయినా నేరం నేరమే. తెలియనిది మనకి, అంతే.

మరి మా వాడి ప్రశ్నకి జవాబు? మతం కారణంగా ఇల్లు ఇవ్వననే ప్రైవేటు ఓనరు మీద పెట్టడానికి పైవాటిలో ఒక్క సెక్షన్ కూడా లేదు. ఒంటరిగా ఉండే ఆడపిల్లకి లేదు, విడాకులు తీసుకున్న తల్లికి లేదు, ఈశాన్యం నుంచి వచ్చినవాడికి ఎస్టీ అయితే తప్ప లేదు. మైనారిటీల కమిషన్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. కమిషన్ పిలిపిస్తుంది, వింటుంది, సిఫారసు చేస్తుంది. తాళంచెవి ఇప్పించలేదు. 2021లో కేంద్రం మోడల్ టెనెన్సీ యాక్ట్ తెచ్చింది. ఇంటికి రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్సు అడగొద్దని శ్రద్ధగా రాశారు. ఇల్లు ఇవ్వననడానికి ఏ కారణాలు చెల్లవో రాయాలని ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు పాతబస్తీ దగ్గరికి వద్దాం. చట్టంలో ఉన్న ఈ కంత ఎంత లోతో తెలియాలంటే 2007 మక్కా మసీదు వ్యవహారం చూస్తే చాలు. మే 18, శుక్రవారం. పేలుడులో 9 మంది పోయారు, తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో 5 మంది. ఆ తర్వాత పదుల సంఖ్యలో పాతబస్తీ కుర్రాళ్ళని పట్టుకెళ్ళారు. చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణల మీద రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున అడ్వకేట్ కమిషనర్‌గా రవిచందర్ విచారణ చేసి నివేదిక ఇచ్చారు. కేసులు పెట్టినవాళ్ళని కోర్టులు నిర్దోషులని విడిచిపెట్టాయి. 2011లో జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసు మీద రాష్ట్ర ప్రభుత్వం 20 మందికి 3 లక్షల చొప్పున, 50 మందికి 20 వేల చొప్పున పరిహారం ప్రకటించింది. దాంతోపాటు ఇంకోటి కూడా ఇచ్చింది. మంచి నడవడిక సర్టిఫికెట్!

ఆ సర్టిఫికెట్ గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదన్నట్టు, కోర్టు నిర్దోషి అని చెప్పినా చాలలేదు, సర్కారు స్టాంపు వేసి 'ఇతను మంచివాడే' అని రాసివ్వాల్సి వచ్చింది. ఎందుకంటే బయటికొచ్చిన మనిషికి ఉద్యోగం కావాలి, ఉండటానికి ఇల్లు కావాలి. అడిగిన ప్రతి చోటా పాత ఎఫ్ఐఆర్ అడ్డొస్తుంది. అరెస్టయ్యి నిర్దోషిగా బయటపడ్డవాడిని ప్రైవేటు యజమాని ఆ ఒక్క కారణంతో పక్కన పెట్టకూడదనే చట్టం ఉండి ఉంటే ఆ కాగితంతో పనేముంది? చట్టం చెయ్యాల్సిన పనిని కాగితంతో సరిపెట్టారు. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కూడా కొట్టేసింది. కేసు సీబీఐకి, తర్వాత ఎన్ఐఏకి వెళ్ళి, 2018 ఏప్రిల్ 16న అప్పటికి విచారణ ఎదుర్కొంటున్న ఐదుగురూ నిర్దోషులుగా బయటపడ్డారు. చివరికి చచ్చిపోయినవాళ్ళకి న్యాయం లేదు, పట్టుకెళ్ళినవాళ్ళకి పరిహారం లేదు.

మన కంపెనీల్లో బీజీవీ ఫారం గుర్తుందా? "మీమీద ఎప్పుడైనా క్రిమినల్ కేసు ఉందా" అనే గడి? సర్కారు కొలువుల విషయంలో సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో చెప్పింది, కేసు స్వభావం ఏంటి, ఏం తేలింది అన్నీ చూసి నిర్ణయించాలని. అమెరికాలో ఈఈఓసీ 2012లోనే రాసింది, అరెస్టు అంటే నేరం చేసినట్టు కాదని. మన ప్రైవేటు కంపెనీలో మాత్రం ఎర్ర జెండా ఎగిరితే ఆఫర్ లెటర్ వెనక్కి. ఎందుకు తీసుకున్నారో చెప్పక్కర్లేదు కూడా.

ఇంకోటి, మన వృత్తికి దగ్గరిది. 'నెగటివ్ ఏరియా'. ఆ పేరుతో లోన్లు, క్రెడిట్ కార్డులు రావట్లేదని పాతబస్తీ వాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. కట్టుకథ కాదిది. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక కొన్ని బ్యాంకులు నెగటివ్ ప్రాంతాలని గుర్తించి అక్కడ అప్పులు సులువుగా ఇవ్వట్లేదని రాసింది. ముస్లింలకి అద్దె ఇళ్ళు దొరకని సంగతి కూడా అదే నివేదికలో ఉంది. రిజర్వ్ బ్యాంక్ 2003లోనే చెప్పింది, అప్పులివ్వడంలో లింగం, కులం, మతం చూడొద్దని. నిజమే, ప్రోగ్రాములో ఎక్కడా మతం అనే కాలమ్ ఉండదు. పిన్‌కోడ్ అనే కాలమ్ ఉంటుంది. 500002 అని కొడితే స్కోరు పడిపోయేలా రూలు రాస్తే చాలు, మతం చూడక్కర్లేదు. ఆ రూలు రాసేది ఎవరు? బ్యాంకు మేనేజరు కాదు సార్, మనమే. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులో వచ్చింది, కోడ్ చేశాం, టెస్ట్ కేస్ పాసయ్యింది, టికెట్ క్లోజ్ చేశాం.

అమెరికాలో దీన్ని రెడ్‌లైనింగ్ అంటారు. 1930ల నాటి మ్యాపుల్లో నల్లవాళ్ళ పేటలకి ఎర్ర రంగు వేశారు కాబట్టి ఆ పేరు. చట్టం వచ్చాక అది నేరుగా చేసినా తప్పే, దొడ్డిదారిన చేసినా తప్పే. ఇళ్ళ ప్రకటనలు ఎవరికి చూపించాలో తేల్చే అల్గారిథం విషయంలో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 2022లో అక్కడి న్యాయశాఖతో రాజీకి వచ్చి, ఆ టూలు తీసేయాల్సి వచ్చింది. కోడ్ రాసినవాడి ఉద్దేశం మంచిదా చెడ్డదా అని కాకుండా, ఫలితం ఎవరి మీద పడింది అని అడిగే చట్టం ఉంటే జరిగేది అది.

"ఇదంతా నీ ఊహ, మన ఫీల్డులో మెరిట్ తప్ప ఏదీ చూడరు" అంటారని తెలుసు. లెక్కలు చూద్దాం. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు పేపర్లో పడిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి ఒకే అర్హతలతో, వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపారు. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి దళిత పేరుకి 0.67, ముస్లిం పేరుకి 0.33. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఢిల్లీ చుట్టుపక్కల ఇదే పద్ధతిలో చేసి 2009లో ప్రచురించిన ఇంకో పరిశోధనలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల దగ్గర ఇలాంటి వివక్ష కనిపించలేదు. సంతోషం, మన ఫీల్డు పేరు నిలబెట్టింది. మరి ఆ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చినవాడు ఇల్లు వెతుక్కోవాలి కదా? ఢిల్లీలో అద్దె ఇళ్ళ మీద 2016లో వచ్చిన పరిశోధన ప్రకారం ఓనరు నుంచి జవాబు వచ్చే సంభావ్యత అగ్రకుల పేరుకి 0.35, ముస్లిం పేరుకి 0.22. అంటే మెరిట్‌తో గేటు దాటొచ్చినవాడిని కూడా ఊరు దాటనివ్వట్లేదు. మా టీంలో అతని కథ సరిగ్గా ఇదే.

ఇక మామూలుగా వచ్చే అభ్యంతరాలు.

"నా కష్టార్జితం, నా ఇల్లు, నా ఇష్టం." మీరు పైన ఉంటూ కింది వాటా అద్దెకిస్తే, మీ ఇష్టానికి కొంత విలువ ఉందని నేనూ ఒప్పుకుంటా. అమెరికా చట్టం కూడా ఒప్పుకుంది. నాలుగు వాటాలకి మించని ఇంట్లో ఓనరు తానే ఉంటే ఫెయిర్ హౌసింగ్ యాక్ట్‌లో చాలా నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. అయినా "ఫలానావాళ్ళకి ఇవ్వం" అని ప్రకటన వెయ్యడం మాత్రం వాళ్ళకీ నిషేధమే. మీరు న్యూజెర్సీలో ఉండి, నానక్‌రాంగూడలో పెట్టుబడి కోసం కొన్న మూడో ఫ్లాటు మీ ఇల్లు కాదు, మీ వ్యాపారం. వ్యాపారానికి నియమాలుంటాయి.

"వాళ్ళ ఏరియాలో మనకిస్తారా?" ఇవ్వని చోట్లు ఉన్నాయి, కాదనను. 1990 డిసెంబరు అల్లర్లలాంటివి జరిగిన ప్రతిసారీ ఇటువాళ్ళు ఇటూ, అటువాళ్ళు అటూ సర్దుకున్నారు. గల్లీలు విడిపోయాయి. కానీ ఈ వాదనతో వచ్చే తిప్పలేంటంటే, అది నా వైపు వాదన. మతం చూసి ఇల్లు కాదనకూడదు అనే చట్టం వస్తే అది చార్మినార్ దగ్గర మీకూ పనికొస్తుంది, మాదాపూర్లో అతనికీ పనికొస్తుంది. మీకు జరిగింది అన్యాయం అనుకుంటే చట్టం అడగండి. బదులు తీర్చుకుంటానంటే అది వేరే సంగతి, దానికి న్యాయం అని పేరు పెట్టకండి.

"నాన్‌వెజ్ వండుతారండీ, వాసన." తెలుగునాట ఈ మాట వింటే నవ్వొస్తుంది. ఆదివారం పూట ఏ కాలనీలో మసాలా వాసన రాదో చెప్పండి! నిజంగా శాకాహారులైన ఓనర్లున్నారు, వాళ్ళ బాధ వాళ్ళది. కానీ నాటుకోడి పులుసు తినే ఓనరు "ఓన్లీ వెజ్" అని బోర్డు పెట్టాడంటే అక్కడ కూర గురించి మాట్లాడట్లేదని మనందరికీ తెలుసు.

"సెక్యూరిటీ సార్." అందరి ఆధార్ తీసుకోండి, అందరి వివరాలు పోలీస్ స్టేషన్లో ఇవ్వండి. అందరివీ. కొందరి దగ్గర కాగితాలు, కొందరి దగ్గర పేరు మాత్రమే తీసుకోవడాన్ని సెక్యూరిటీ అనరు.

"చట్టం వస్తే మాత్రం మనసులు మారతాయా?" మారకపోవచ్చు. వరకట్న నిషేధం 1961 నుంచీ ఉంది, కట్నాలు ఆగలేదు. కానీ ఇవాళ శుభలేఖ మీద కట్నం రేటు అచ్చెయ్యడానికి ఎవడికీ ధైర్యం లేదు. ఆ మాత్రం సిగ్గు చట్టం వల్లే వచ్చింది. 2023లో సియాటిల్ నగరం వివక్ష జాబితాలో కులాన్ని చేర్చింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటి బిల్లుని గవర్నరు వీటో చేశాడు, ఉన్న చట్టాలే సరిపోతాయి అని. అక్కడ ఆ మాట అనడానికి ఉన్న చట్టం అంటూ ఒకటుంది. ఇక్కడ ఏది సరిపోతుందంటారు?

మరి ఏం చెయ్యాలి? సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్ కావాలంది. మాధవ మీనన్ నేతృత్వంలోని నిపుణుల బృందం 2008లో బిల్లు ముసాయిదాతో సహా ఇచ్చింది. 2017లో శశి థరూర్ లోక్‌సభలో వివక్ష నిరోధక బిల్లు ప్రైవేటు మెంబరు బిల్లుగా పెట్టారు, అలాగే మురిగిపోయింది. అంతెందుకు, 2019 చట్టంలో 'ట్రాన్స్‌జెండర్ వ్యక్తి' అన్న చోట 'మతం, కులం, లింగం, ప్రాంతం, వైవాహిక స్థితి కారణంగా ఏ వ్యక్తికైనా' అని మార్చి, ఫిర్యాదు తీసుకునే ఒక అధికారిని, కాస్త గట్టి జరిమానాని చేరిస్తే సగం పనైపోతుంది. మన భాషలో చెప్పాలంటే ఫంక్షన్ రాసి ఉంది, పారామీటర్ మార్చాలి. అద్దె చట్టాలు రాష్ట్రాలు కూడా చేస్తాయి, కాబట్టి ఢిల్లీ కోసం కాచుక్కూర్చోనక్కర్లేదు. తెలంగాణ అసెంబ్లీ మొదలుపెట్టొచ్చు.

చట్టం వచ్చేదాకా మన చేతిలో ఉన్నవి కొన్ని. మీరో, మీ స్నేహితుడో ఎస్సీ అయ్యి, కులం తెలిశాక ఇల్లు లేదన్నారా? వాట్సాప్ చాట్ దాచండి, కాల్ ఎప్పుడు చేశారో రాసుకోండి, ఇంకో పేరుతో ఫోన్ చేయించి చూడండి. 1955 చట్టం 4, 7 సెక్షన్ల పేరెత్తి రాతపూర్వకంగా పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కమిటీలో మీరుంటే, అద్దెదారుడి మతం గురించి నోటిమాటగా నడుస్తున్న 'రూలు' మినిట్స్‌లోకి ఎక్కించమని అడగండి. రాతలో పెట్టడానికి ఎవరూ ముందుకు రారు, అక్కడితో సగం రూళ్ళు చచ్చిపోతాయి. ఇళ్ళ వెబ్‌సైటుకో, లోన్ సిస్టంకో పనిచేస్తుంటే, పిన్‌కోడ్ మీద రూలు వచ్చినప్పుడు "దీనికి డేటా ఏది?" అని డిజైన్ రివ్యూలో ఒక్క ప్రశ్న వెయ్యండి. ఉద్యోగం పోదు, మహా అయితే మీటింగ్ పది నిమిషాలు సాగుతుంది.

అన్నిటికన్నా తేలికైంది, ఓనర్లు మీరే కదా! ఈ ఊళ్ళో ఐటీ జీతాలతో కట్టిన ఫ్లాట్లు ఎన్ని లేవు? బ్రోకరుకి ఫోన్ చేసి ఒక్క మాట చెప్తే చాలు: "జీతం స్లిప్పు చూడు, అగ్రిమెంటు రాయించు, పేరు చూడొద్దు." దానికి పార్లమెంటు అక్కర్లేదు, ముసాయిదా అక్కర్లేదు.

మా టీంలో అతను ప్రస్తుతం రోజూ మూడు గంటలు రోడ్డు మీదే ఉంటున్నాడు. ఇప్పటికీ ఇల్లు దొరకలేదు. మీ ఫ్లాటు ఖాళీగా ఉందా? ఉంటే, ఎవరికిస్తారు?